మన సంఘం వార్షిక నివేదిక, 2025–26

గౌరవ సభ్యులకు నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక మీ చేతికి అందాలి. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఓస్లోలో మనం చేసినవీ, చేద్దామనుకుని వదిలేసినవీ ఇందులో ఉన్నాయి. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ముందు పండగలు. ఉగాది వేపపువ్వు ఎప్పటిలాగే హైదరాబాద్ నుంచి ఎవరిదో సూట్‌కేసులో వచ్చింది. ఎండు పువ్వే అయినా పచ్చడి చేదుకు లోటు రాలేదు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఇక్కడెక్కడివి? తోటలున్న సభ్యులు చామంతులు, డాలియాలు కోసిచ్చారు. వాళ్ల తోటలు ఆ వారం బోసిపోయి ఉంటాయి. మహిళా విభాగానికి, ముఖ్యంగా రాత్రంతా మేలుకుని పేర్చిన అక్కలకు పేరుపేరునా కృతజ్ఞతలు. సంక్రాంతి ముగ్గులు హాలు నేల మీద వేయనివ్వరు, అందుకని చార్టుల మీద వేయించాం. పిల్లలకు అదే సరదాగా ఉంది. శనివారం తెలుగు తరగతి మంచు పడినా ఆగలేదు. పైసా తీసుకోకుండా చెబుతున్న టీచర్లకు సంఘం ఎంతో రుణపడి ఉంది. వంట కమిటీకి, కారు డిక్కీల్లో గిన్నెలు మోసినవాళ్లకు, చివరిదాకా ఉండి హాలు ఊడ్చినవాళ్లకు కూడా ధన్యవాదాలు. ఆ చివరివాళ్లు ప్రతిసారీ అదే నలుగురు. వాళ్లెవరో మీకూ తెలుసు.

ఇక ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరిలో చేసిన సినిమా నడక, అంటే ఊళ్లోని పాత సినిమా హాళ్లు చూస్తూ నడవడం. ఓస్లో నగరం సొంతంగా సినిమా కంపెనీ నడపడం మొదలుపెట్టింది 1926లో. దానికి వందేళ్లు నిండిన సందర్భంగా ఒక శనివారం పెట్టుకున్నాం. కార్యవర్గంలో మొదట కొందరు పెదవి విరిచారు. నార్వే వాళ్ల హాళ్ల చరిత్ర మనకెందుకన్నారు. తెలుగు సినిమా విడుదలైన రోజున మనం ఎగబడేది ఆ హాళ్లకే కదా అంటే ఒప్పుకున్నారు.

రాలేకపోయినవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను. ఈ ఊళ్లో మొదటిసారి కదిలే బొమ్మలు చూపించింది 1896లో, ఊరి పేరు ఇంకా క్రిస్టియానియాగా ఉన్నప్పుడు. 1904లో స్టోర్టింగ్స్‌గాటలో శాశ్వతమైన హాలు వచ్చింది. తర్వాత వరసగా ప్రైవేటు హాళ్లు వెలిశాయి. పిల్లలు చెడిపోతున్నారని టీచర్లూ చర్చి పెద్దలూ గగ్గోలు పెట్టారు. 1913లో పార్లమెంటు చట్టం చేసింది. ఏ ఊళ్లోనైనా సినిమా ఆడించాలంటే ఆ ఊరి కౌన్సిల్ లైసెన్సు ఉండాలి, బొమ్మను ముందు ప్రభుత్వ సెన్సారు చూడాలి. అసలు కిటుకు ఆ లైసెన్సులో ఉంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం కౌన్సిల్ ఇష్టం కాబట్టి, ప్రైవేటు ఆసామి లైసెన్సు గడువు తీరాక మళ్లీ ఇవ్వకుండా, హాలు తామే నడుపుకోవచ్చని ఊళ్లకు తోచింది. డబ్బులూ బాగానే కనిపించాయి. 1917 నాటికి ఇలా సొంత హాళ్లు నడిపే ఊళ్లు ఒక సమాఖ్య పెట్టుకునే దాకా వచ్చింది. డిస్ట్రిబ్యూటర్లు ఊరుకుంటారా? సినిమాలు ఇవ్వమని మొరాయించారు. 1919లో ఊళ్లన్నీ కలిసి సొంత డిస్ట్రిబ్యూషన్ కంపెనీయే పెట్టుకున్నాయి. 1932లో అవే ఊళ్లు ఇంకో అడుగు వేసి సినిమాలు తీయడానికి నార్స్క్ ఫిల్మ్ అనే కంపెనీని నెలకొల్పాయి.

ఓస్లో కౌన్సిల్ ఈ దారిలోకి కాస్త ఆలస్యంగానే వచ్చింది. ఊరి పేరు 1925లో ఓస్లోగా మారింది, మరుసటి ఏడాదికల్లా ఊళ్లోని సినిమా వ్యాపారం నగరం చేతిలోకి వెళ్లింది. సరిగ్గా ఆ రోజుల్లో మన వైపు ఏం జరుగుతోందో చూడండి. విజయవాడలో 1921లో వచ్చిన మారుతి ఒక ప్రైవేటు ఆసామి పెట్టుబడి. మన దగ్గర హాలంటే అప్పటినుంచీ ఎవరో ఒక ఆసామిదే, సర్కారు చెయ్యి కనబడేది టికెట్టు రేటు దగ్గరే. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో టికెట్టు రేట్ల జీవో 35 మీద జరిగిన గొడవ ఎవరూ మర్చిపోలేదు కదా. ఇక్కడ కౌన్సిల్ హాలూ, గల్లాపెట్టే రెండూ తనదగ్గరే పెట్టుకుంది.

నడక టోర్గాటలో ఎల్డొరాడో ముందు మొదలైంది. నార్వేలో టాకీ మొదటిసారి ఆడింది అక్కడే, 1929లో. సినిమాలు ఆగిపోయాక కొన్నాళ్లు అది పుస్తకాల షాపుగా కూడా నడిచింది. అక్కడినుంచి కార్ల్ యోహాన్ మీదుగా సాగా (1934), క్లింగెన్‌బర్గ్ (1938) దగ్గరికి నడిచాం. నేలంతా గడ్డకట్టిన మంచు, పెద్దవాళ్ల బూట్లకు మేకుల తొడుగులు ముందే తెప్పించాం కాబట్టి ఎవరూ జారిపడలేదు. నేషనల్ థియేటర్ స్టేషన్లో టి-బానె (మెట్రో రైలు) ఎక్కి ఒక్క స్టాప్‌లో మయోర్‌స్టుయెన్ దిగితే కలోసియం. 1928లో కట్టిన హాలు, 1963లో కాలిపోతే మరుసటి ఏడాది తిరిగి తెరిచారు. ఆ గుమ్మటం కింద మన హీరోల పేర్లు పెట్టి అరిచినవాళ్లు ఈ సంఘంలో చాలామంది ఉన్నారు. హాలు వయసెంతో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

సాయంత్రం మన హాల్లో ఒక పెద్దాయన మాట్లాడారు. నగర కంపెనీ హాళ్లలో ఏళ్ల తరబడి ప్రొజెక్టర్ నడిపి రిటైరైన నార్వేజియన్. రీలు మార్చే సమయం దగ్గరపడితే తెర కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుందని, అది చూసి రెండో మెషిన్ స్టార్ట్ చేస్తారని, రెండో చుక్కకు దాని మీదికి మారతారని చెప్పారు. రీలు ఇరవై నిమిషాలకు మించదు కాబట్టి ఆపరేటర్‌కు సినిమా ఎలా ఉందో పట్టించుకునే తీరికే ఉండదట. జేబులోంచి 35 ఎంఎం ఫిల్మ్ ముక్క తీసి పిల్లలకిచ్చారు. వాళ్లు ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి ఒక్కో బొమ్మ పక్కన నాలుగేసి చిల్లులు లెక్కపెట్టారు. సెకనుకు ఇలాంటివి ఇరవై నాలుగు పోతాయంటే ఒక బుడ్డోడు నమ్మలేదు.

ఆ సమయానికి మన సభ్యురాలి నాన్నగారు తణుకు నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్‌గా చేశారట. వెనక వరసలో కూర్చున్నవారు లేచి ముందుకొచ్చి, రెండు చూపుడువేళ్లు ఎదురెదురుగా పెట్టి, మెల్లగా దగ్గరికి జరిపి, కళ్లు చిట్లించారు. కార్బన్లు! నార్వే ఆయన పకపకా నవ్వి తన వేళ్లతో అదే చేసి చూపించారు. ఆర్క్ దీపంలో కార్బన్ పుల్లలు కాలుతూ తరిగిపోతుంటే వాటి మధ్య దూరం సరిచేస్తూ ఉండాలి, ఏమరుపాటుగా ఉంటే తెర మసకబారుతుంది. అరగంట సేపు వాళ్లిద్దరికీ దుబాసీ అక్కర్లేకపోయింది. "మాకు ఒకటే మెషిను అమ్మాయ్, రీలు మార్చేటప్పుడు లైట్లేసేవాళ్లం, ఆ సందులోనే సోడాలు, వేరుశనక్కాయలు అమ్ముకునేవాళ్లు. ఈయనకి రెండు మెషిన్లంట, దర్జా!" అన్నారు నాతో. ఇద్దరికీ శాలువాలు కప్పాం. ఫోటోలు గ్రూపులో పెట్టినప్పుడు వచ్చిన చప్పట్ల బొమ్మలకు లెక్కలేదు. ఆ శనివారం కుర్చీలు వేయడానికి వచ్చినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ప్రసంగంలో నాకు బాగా పట్టుకున్న మాట ఇంకోటుంది. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ 1940లో తన దగ్గరున్న బొమ్మలన్నీ ఓస్లో నగరానికి రాసిచ్చి 1944లో కన్నుమూశారు. టోయెన్‌లో ఆయన పేరుమీద మ్యూజియం 1963లో, ఆయన శతజయంతికి, తెరిచారు. దాన్ని కట్టింది ఈ నగర సినిమా కంపెనీ లాభాలతో. జనం కొన్న సినిమా టికెట్టు చిత్రకారుడి మ్యూజియం అయిందన్నమాట. మ్యూజియం 2021లో బ్యోర్వికా ఒడ్డున కొత్త భవనంలోకి మారినా, టోయెన్ పాత భవనం ముందునుంచి రోజూ వెళ్లే మన సభ్యులు ఉన్నారు, ఈసారి ఒకసారి తలెత్తి చూడండి.

1960లో ఇక్కడ టీవీ మొదలయ్యాక హాళ్లకు జనం తగ్గారు. ఒక్కొక్కటిగా మూతపడటం, మిగిలినవాటిని ముక్కలుగా విడగొట్టి చిన్న తెరలు పెట్టడం అన్ని ఊళ్ల కథే. అయినా దేశంలోని హాళ్లన్నిటినీ డిజిటల్‌కు మార్చిన మొదటి దేశం నార్వేయే అంటారు, 2010–11లోనే అది పూర్తయింది. ఊళ్లు, హాళ్లు కలిసి ఒక్కమాట మీద నిలబడటం వల్లే అది జరిగిందని నా అభిప్రాయం. ఆ తర్వాత రెండేళ్లకు, 2013లో, కౌన్సిల్ ఓస్లో హాళ్లను అమ్మేసింది. ఇప్పుడవి డెన్మార్క్ కంపెనీ నార్డిస్క్ ఫిల్మ్ గొడుగు కింద ఉన్నాయి. సినిమా ఆడించడం నగరం పని కాదన్నది అప్పటి వాదన. ఆ సాయంత్రం సభలో కొందరు అదే మంచిదన్నారు. నన్నడిగితే పాడి ఆవును అమ్ముకున్నారనే అంటాను. కార్యవర్గంలో ఈ మాటకు ఏకాభిప్రాయం లేదు, కాబట్టి ఇది నా సొంత మాటగానే రాసుకోండి.

ఈ కార్యక్రమానికి సాయం కోసం ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం. అందిందని ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది, అంతే. ఫోన్ చేస్తే సంబంధిత అధికారి సెలవులో ఉన్నారన్నారు, వచ్చాక మళ్లీ చేస్తే ఫైలు వేరే విభాగానికి వెళ్లిందన్నారు. నడక అయిపోయింది, ఫైలు ఇంకా నడుస్తోంది. చివరికి ఖర్చు మన సభ్యులే వేసుకున్నారు. దాతలకు కృతజ్ఞతలు, వాళ్లు పేర్లు వేయొద్దన్నారు.

ఇక సినిమా షోల కమిటీ గురించి. పెద్ద సినిమా వస్తోందంటే టికెట్ల కోసం అర్ధరాత్రి కూడా ఫోన్లు వస్తాయి. హాలు అద్దె ముందే కట్టాలి, టికెట్లు అమ్ముడుపోవాలి, ప్రింట్ సమయానికి రావాలి. ఈ టెన్షనంతా ముగ్గురు మోస్తున్నారు. గేటు దగ్గర నిలబడమంటే మాత్రం ఎవరికీ ఖాళీ ఉండదు. పేరు ఇచ్చి రానివాళ్లు, వచ్చి సినిమా మొదలవగానే లోపలికి జారుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఇలాగే ఉంటే వచ్చే దసరాకు షో పెట్టలేమని కమిటీ ఖరాఖండిగా చెప్పింది. వాళ్ల మాటలో న్యాయముంది.

జమాఖర్చులు: పట్టిక జతచేశాం. ఆడిటర్లు చూసి సంతకం పెట్టారు. హాలు అద్దెలు పెరిగాయి, సభ్యత్వ రుసుము బకాయిలు ఉన్నాయి, అయినా లోటు లేదు. మిగతా ప్రశ్నలు సమావేశంలో కోశాధికారి గారిని అడగండి.

కార్యవర్గం ఒక తీర్మానం మీ ముందు పెడుతోంది. సినిమా షోల్లో మిగిలే డబ్బు ఇకమీదట సాధారణ ఖాతాలో కలపకుండా విడిగా ఉంచి, పిల్లల తెలుగు తరగతికి, పుస్తకాల అలమారాకే ఖర్చు పెట్టాలని. ఇప్పటిదాకా అది పండగ భోజనాల్లో కరిగిపోతోంది. మంక్ మ్యూజియం మాట విన్నాకే ఈ ఆలోచన వచ్చిందని దాచక్కర్లేదు. భోజనాల ఖర్చు పెరుగుతుందని అభ్యంతరం ఉన్నవాళ్లు సభలో చెప్పండి, గ్రూపులో కాదు.

కొత్త కార్యవర్గానికి ఎన్నికలు కూడా అదే రోజు. కార్యదర్శి పదవికి ఈ నిమిషం దాకా ఒక్క నామినేషన్ కూడా రాలేదు. నేను మళ్లీ నిలబడటం లేదని ఇదివరకే రాసిచ్చాను. షోల కమిటీలో రెండు, తెలుగు తరగతిలో ఒక టీచరు స్థానం కూడా ఖాళీగా ఉన్నాయి. నామినేషన్లు సమావేశానికి మూడు రోజుల ముందు అధ్యక్షుల వారికి చేరాలి.

ఇట్లు,
కార్యదర్శి