గుడి గోడల గురించి రాశారు, పాట నేర్పినవాళ్ల గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం మీ అనుబంధంలో చెన్నైలోని పాత చర్చీల మీద వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. సెయింట్ జార్జ్ కథెడ్రల్‌కు 1816లో ప్రతిష్ఠ జరిగిందనీ, 1835లో మద్రాసుకు సొంత బిషప్ వచ్చాక అది కథెడ్రల్ అయిందనీ, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అక్కడే పుట్టిందనీ వివరంగా రాశారు. స్తంభాల గురించి, రంగు అద్దాల గురించి, గోపురం ఎత్తు గురించి రాశారు. ఆ గుడుల్లో రెండు వందల ఏళ్లుగా పాడుతున్నవాళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. వాళ్లకు పాట నేర్పినవాళ్ల ఊసే లేదు. అది చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పెరంబూరులో ఉంటాను. నాకు 71 ఏళ్లు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. పదమూడో ఏట మా తెలుగు సంఘం క్వయర్‌లో (గాయక బృందంలో) ఆల్టోగా, అంటే ఆడవాళ్లలో కింది గొంతుగా, చేరి యాభై ఏళ్లకు పైగా పాడాను. మోకాళ్ల నొప్పులతో గంటసేపు నిలబడలేక ఆరేళ్ల కిందట మానేశాను.

మాకు నేర్పిన మాస్టారు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. శనివారం షిఫ్టు దిగి సైకిలు మీద నేరుగా గుడికి వచ్చేవారు. హార్మోనియం ముట్టుకునే ముందు పెరట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో గ్రీజు కడుక్కునేవారు. ఆయన చంకలో ఎప్పుడూ అట్ట వేసిన పెద్ద లెడ్జరు ఒకటి ఉండేది. మా పాటల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా, ఇంకా ఈ లెడ్జర్లు ఎందుకని చిన్నప్పుడు అనుకునేదాన్ని. రాగం పేరు తెలిసినంత మాత్రాన వరస తెలిసినట్టు కాదని తర్వాత అర్థమైంది. మా సంఘంలో నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, గుంటూరు వైపు వాళ్లూ ఉన్నారు. ఒకే కీర్తన రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి వీళ్లు ఒకలా, వాళ్లు ఇంకోలా ఎత్తుకునేవారు. మాస్టారు రెండు వైపుల పెద్దవాళ్ల ఇళ్లకూ వెళ్లి, వాళ్ల చేత పాడించుకుని, రెండు వరసలూ రాసుకున్నారు. ఒక నెల ఒక వరస, మరుసటి నెల రెండోది పాడించేవారు. ఏ వైపు వాళ్లూ నొచ్చుకోలేదు.

ఆయన రాసింది టానిక్ సోల్ఫాలో, అంటే స్వరాలను అక్షరాలతో రాసే పద్ధతిలో, అదీ తెలుగు అక్షరాల్లో: డ, ర, మ, ఫ, స, ల, ట. అందులో ‘డ’ మన ‘స’ లాంటిదే. శ్రుతి ఎక్కడ పెడితే అక్కడికి జరుగుతుంది. గీతల మీద చుక్కలు చదవడం రాని మాలాంటివాళ్లకు నాలుగు గొంతుల పాట నేర్పడానికి అంతకన్నా సులువైన దారి లేదు. ఇంగ్లండ్‌లో నార్విచ్‌లో సారా గ్లోవర్ అనే టీచరమ్మ పిల్లల కోసం తయారుచేసుకున్న పద్ధతిని జాన్ కర్వెన్ అనే పాదిరి 1840ల నుంచి సవరించి ఊరూరా నేర్పించాడు. మిషనరీల వెంట అది మన దాకా వచ్చింది.

2018లో లండన్‌లో ఉన్న మా అమ్మాయి నన్ను సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో సాయంత్రం ఆరాధనకు తీసుకెళ్లింది. గాయకులు ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడ్డారు. దావీదు కీర్తనలో ఒక వచనం అటువాళ్లు పాడితే తర్వాతి వచనం ఇటువాళ్లు అందుకున్నారు. నూట యాభై కీర్తనలనూ పొద్దున, సాయంత్రం కొన్ని చొప్పున ముప్పై రోజుల్లో పూర్తి చేయాలన్న లెక్క వాళ్ల ప్రార్థన పుస్తకంలో 1549 నుంచీ ఉంది. మామూలు పనిరోజు అది. గుడి నిండా జనం కూడా లేరు. అయినా ఆ పిల్లలు ఒక్క మాట నమలకుండా పాడారు. వీళ్లకు ఎవరు నేర్పుతున్నారు, ఆయనకు ఎవరు నేర్పి ఉంటారు అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మా అమ్మాయి పంపే పుస్తకాలు చదువుతున్నాను.

కథెడ్రల్ క్వయర్ ఎంత పాతదైనా అందులో పై గొంతు పాడే మగపిల్లలు నాలుగైదేళ్లకు మించి ఉండరు. పదమూడు, పద్నాలుగు వచ్చేసరికి గొంతు మారిపోతుంది. అంటే నేర్పేవాళ్లు ప్రతి ఏడూ మళ్లీ మొదటి పాఠం నుంచి నేర్పుతూనే ఉండాలి. ఒక్క తరం ఆగితే ఏమవుతుందో ఇంగ్లండ్‌వాళ్లకు అనుభవంలోకి వచ్చింది. అంతర్యుద్ధం కాలంలో, 1644లో, గుడుల్లో ఆర్గాన్లు తీసేయమని పార్లమెంటు ఆజ్ఞ ఇచ్చింది. క్వయర్లు చెదిరిపోయాయి. 1660లో రాజు తిరిగొచ్చి తన చాపెల్‌లో (ఆస్థానపు గుడిలో) మళ్లీ పాట పెట్టిస్తే, తన వరస సరిగ్గా పాడగల పిల్లవాడు ఏడాదికి పైగా ఒక్కడూ దొరకలేదని ఆ కాలం సంగీతకారుడు మాథ్యూ లాక్ రాసి పెట్టాడు. పిల్లల వరసను కార్నెట్ అనే ఊదే వాయిద్యంతోనూ, మగవాళ్ల దొంగగొంతుతోనూ నింపుకున్నారట. గోడలు నిలిచే ఉన్నాయి, పాటే పోయింది. సైన్యంలో కెప్టెన్‌గా చేసిన హెన్రీ కుక్ అనే గాయకుడు అప్పుడు కథెడ్రళ్ల నుంచి పిల్లల్ని పోగుచేసి మొదటి నుంచీ నేర్పాడు. ఆయన దగ్గర తయారైనవాళ్లలో జాన్ బ్లో ఒకడు. బ్లో శిష్యుడు హెన్రీ పర్సెల్. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో 1668 నుంచి ఆర్గాన్ వాయిస్తున్న బ్లో 1679లో ఆ ఉద్యోగం వదులుకుంటే అది ఇరవై ఏళ్ల పర్సెల్‌కు వచ్చింది. 1695లో పర్సెల్ 36 ఏళ్లకే చనిపోతే, గురువు మళ్లీ వచ్చి శిష్యుడి బల్ల ముందు కూర్చున్నాడు. ఇద్దరి సమాధులూ అక్కడే దగ్గర దగ్గరగా ఉన్నాయి. నేను వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఇంకొకరి గురించి మీ పాఠకులకు తప్పకుండా చెప్పాలి. మరియా హ్యాకెట్. ఆమె పాడలేదు, వాయించలేదు. 1810లో తమ బంధువుల పిల్లవాడు, తల్లిదండ్రులు లేనివాడు, సెయింట్ పాల్స్ క్వయర్‌లో చేరాడు. పిల్లల చదువు ఎవరికీ పట్టలేదు. రాత్రిపూట బయట కచేరీలకు డబ్బులకు పంపేవారు. హ్యాకెట్‌కు అప్పుడు పాతికేళ్లు దాటాయంతే. పాత దస్తావేజులు తిరగేసి, ఈ పిల్లల తిండికీ చదువుకీ పూర్వం దాతలు ఏం రాసిచ్చారో వెతికి తీసి, బిషప్‌కీ గుడి పెద్దలకీ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. జవాబు ఇవ్వకపోతే మళ్లీ రాసింది. తర్వాత ఇంగ్లండ్, వేల్స్‌లలోని కథెడ్రళ్లన్నీ తిరిగి పిల్లలు ఎలా ఉన్నారో చూసి వచ్చింది. అరవై ఏళ్ల పాటు అదే పని. ఆమె 1874లో పోయింది. ఆ సరికి సెయింట్ పాల్స్‌కు జాన్ స్టెయినర్ వచ్చాడు. చిన్నప్పుడే ఒక కన్ను పోయినవాడు, అదే గుడిలో బాలుడిగా పాడినవాడు. 1872 నుంచి 1888 దాకా ఆర్గానిస్టుగా ఉండి గాయకుల సంఖ్య పెంచి, రిహార్సల్‌కు ఒక పద్ధతి తెచ్చాడు. పిల్లలకు కార్టర్ లేన్‌లో సొంత బడి కట్టింది కూడా ఆ కాలంలోనే. స్టెయినర్ పేరు సంగీతం తెలిసినవాళ్లకు తెలుసు. హ్యాకెట్ పేరు కూడా ఆ పక్కనే ఉండాలని నా అభిప్రాయం.

ఇక మా మాస్టారి దగ్గరికి వస్తాను. 1979 ఈస్టరుకు మా క్వయర్‌లో బాస్ (మగవాళ్లలో కింది గొంతు) పాడే నలుగురిలో ముగ్గురికి డ్యూటీలు పడ్డాయి. టెనర్లలో (మగవాళ్లలో పై గొంతు పాడేవాళ్లలో) ఒకరికి కామెర్లు, ఇంకొకరు ఊరెళ్లారు. శుక్రవారం రాత్రి మాకు ఒకటే టెన్షన్. మిగిలింది ఆడవాళ్లం తొమ్మిది మందిమి, బాస్ ఒక్కరు, పోస్ట్‌మన్‌గా చేసే పెద్దాయన. పాట మార్చేద్దామని సంఘ పెద్దలు అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. శనివారం సాయంత్రానికి ఆ పాటనే ఆడవాళ్లకు రెండు వరసలుగా, పోస్ట్‌మన్ గారికి విడిగా ఒక వరసగా తిరగరాసి తెచ్చారు. మధ్యలో నాలుగు పాదాలు ఆయన ఒక్కరే పాడాలి. “నేను ఒక్కణ్ణే ఎట్లా మాస్టారూ” అని ఆయన భయపడితే, “ఉత్తరాలు ఒక్కరే పంచడం లేదా, ఇదీ అంతే” అన్నారు మాస్టారు. ఈస్టరు పొద్దున ఆయన ఆ నాలుగు పాదాలు పాడుతుంటే మా అమ్మ ముందు బల్లలో కూర్చుని కళ్లు తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నలభై ఏళ్ల తర్వాత శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ కథ చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనం తెలుగులో పాడుకునే ఎన్నో పాటలకు మూలం రాసిన చార్లెస్ వెస్లీకి ఆయన మనవడు. 1832 నుంచి 1835 దాకా హియర్‌ఫర్డ్ కథెడ్రల్‌లో ఆర్గానిస్టు. ఒక ఈస్టరుకు ఆయనకు దొరికింది పిల్లల గొంతులు, ఒకే ఒక్క బాస్. ఆ బాస్ గుడి పెద్ద ఇంట్లో బట్లరని చెబుతారు. ఉన్నవాళ్లకు సరిపోయేలా ఆయన రాసిన ఆ పాటను ఇంగ్లండ్ కథెడ్రళ్లలో ఈనాటికీ పాడుతున్నారు. వెస్లీ ఆ తర్వాత ఎక్సెటర్, లీడ్స్, వించెస్టర్, గ్లోస్టర్... ఎక్కడికి వెళ్లినా గుడి పెద్దలతో పోట్లాడాడు. సంగీతానికి డబ్బు పెట్టరని, ఒక్కో కథెడ్రల్‌లో కనీసం పన్నెండు మంది పెద్ద గాయకులైనా ఉండాలని 1849లో ఒక చిన్న పుస్తకమే అచ్చువేశాడు. కోపిష్ఠి అని రాస్తారు. ఒక్క బాస్‌తో ఈస్టరు గడిపినవాడికి ఆ కోపం న్యాయమే.

మా మాస్టారు వెస్లీ పేరు విని ఉంటారో లేదో. ఆ రాత్రి ఆయన చేసింది మాత్రం అదే పని.

ఒక ఆల్టోగా నాకు ఇష్టమైన సంగతి ఇంకొకటి. ఇంగ్లండ్ కథెడ్రళ్లలో ఆల్టో వరస కూడా మగవాళ్లే పై గొంతు తీసి పాడేవారు. 1991లో సాల్స్‌బరీ కథెడ్రల్ ఆడపిల్లల కోసం క్వయర్ పెట్టింది. 2008లో గిల్డ్‌ఫర్డ్ కథెడ్రల్ సంగీతం బాధ్యతను కేథరిన్ డీన్స్-విలియమ్స్ తీసుకుంది. సెయింట్ పాల్స్‌లో పెద్ద గాయకుల మధ్య తొలి మహిళగా కారిస్ జోన్స్ చేరింది 2017లో, నేను వెళ్లడానికి ముందు ఏడాదే, అదీ ఆల్టోగా.

మన చెన్నైలో ఇలాంటివాళ్లు లేరా? మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ 1893 నాటిది. ఎగ్మోర్‌లో కిర్క్ అని పిలిచే సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆర్గానిస్టుగానూ, ఆ అసోసియేషన్ క్వయర్‌ను నడిపించినవారిగానూ హాండెల్ మాన్యుయెల్ గారిని నా వయసువాళ్లు ఇంకా తలుచుకుంటారు. ఆయన పేరైనా నలుగురికీ తెలుసు. వేపేరీ, పురసవాక్కం, పెరంబూరు, వాషర్‌మన్‌పేట తెలుగు గుడుల్లో శనివారం శనివారం ఉచితంగా నేర్పిన గుమాస్తాలు, ఫిట్టర్లు, టీచరమ్మల పేర్లు ఎక్కడున్నాయి? ఇంగ్లండ్‌లో చాలా కథెడ్రళ్లలో ఆర్గానిస్టుల పేర్లు, సంవత్సరాలు వందల ఏళ్ల నుంచి వరసగా చెక్కిన పలకలు ఉంటాయి. మా గుడిలో ఫ్యాన్లు ఇచ్చినవాళ్ల పేర్లు ఫ్యాన్ల మీద ఉన్నాయి.

2011లో మా గుడికి మరమ్మతులు చేసినప్పుడు క్వయర్ బీరువా ఖాళీ చేసి మాస్టారి లెడ్జర్లు పదకొండూ పాత పేపర్ల కొట్టుకు వేశారు. చేసినవాళ్లకు చెడు ఉద్దేశం లేదు, అందులో ఏముందో వాళ్లకు తెలియదు. నాకు తెలిసి పరుగెత్తేసరికి రెండే మిగిలాయి. నెల్లూరు వరసలు, గుంటూరు వరసలు రాసినవి పోయాయి. ఆ పెద్దవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. ఎవరిని అడిగి మళ్లీ రాయాలి?

మిగిలిన రెంటిలో ఒకదానిలో 1979 ఈస్టరు పాట ఉంది. అంచున పెన్సిల్‌తో “బాస్ ఒక్కరే, మెల్లగా” అని ఉంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్కాచెల్లెళ్లు పక్కపక్కన నిలబడితే మాట్లాడుకుంటారో కూడా రాసుకున్నారు. రెండు లెడ్జర్లూ అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. ఎక్కడా ఆయన తన పేరు రాసుకోలేదు. నేనూ ఇక్కడ రాయడం లేదు. అది ముందు మా గుడి గోడ మీదికి ఎక్కాలి. అందుకోసం మా కమిటీకి పోయిన నెల అర్జీ ఇచ్చాను.

మీకు నా విన్నపం ఒక్కటే. చెన్నై గుడుల క్వయర్ మాస్టర్ల పేర్లు, వాళ్లు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా నేర్పారో పాఠకుల నుంచి తెప్పించి, వారానికి ఒకరి గురించి అయినా వేయండి. ఇది చదివేవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా తాతగారిదో, అమ్మమ్మదో డ ర మ ఫ అని రాసిన పాత నోటు పుస్తకం ఉంటే దయచేసి కొట్టుకు వేయకండి. ముందు పేజీ పేజీ ఫోనుతో ఫొటో తీసి పెట్టండి. పక్కన ఆయన పేరు రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై