సుగ్గికి పోయిన పిల్లల బరువు ఎవరు రాస్తారు?

సంపాదకులకు నమస్కారం.

నేను కర్నూలు జిల్లా కోసిగి మండలంలోని ఒక పల్లెలో ఇరవై ఏడేళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి నిరుడు దిగిపోయాను. రాష్ట్రంలో పిల్లలు ఎట్లున్నారు, కుటుంబాలు ఎట్లున్నాయి అని లెక్కలు వచ్చినప్పుడల్లా పేపర్లో వదలకుండా చదువుతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు రాయడానికి ధైర్యం చాలని మాట ఒకటుంది. ఇప్పుడు రాస్తున్నాను.

మా పడమటి మండలాల్లో ‘సుగ్గికి పోయినారు’ అంటే చాలు, ఇంకేం అడగనక్కర్లేదు. దీపావళి దాటాక ఇంటికి తాళమేసి, బియ్యం మూట, వంట సామాను, చంకలో పిల్లతో గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. కొందరు తెలంగాణకు పత్తి తీయడానికి, కొందరు బెంగళూరుకు బేల్దారి పనికి. తుంగభద్ర మా పక్కనుంచే పారుతుంది కానీ మా చేలు చాలావరకు వానను నమ్ముకున్నవే. పత్తి, ఉల్లిగడ్డ చేతికొచ్చాక ఊళ్లో పనుండదు. పైగా కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని ఉంటారు, అది పెళ్లికో ఆస్పత్రికో ఎప్పుడో ఖర్చయి ఉంటుంది. ఇక పోవడం, మానడం వాళ్ల చేతిలో ఉండదు. మళ్లీ ఉగాదికి వస్తారు. నా రిజిస్టర్లో నలభై మంది పిల్లలుంటే డిసెంబరులో సెంటరుకు వచ్చేది పదహారు, పదిహేడు మంది.

ఒక ఆడపిల్ల సంగతి చెబుతాను. పేరు రాయను. ఇరవై నెలల వయసులో, దీపావళికి ముందు తూకంలో 9.4 కేజీలు ఉంది. మా పెరుగుదల చార్టులో అది ఆకుపచ్చ పట్టీలోనే. బొద్దు పిల్ల కాదు కానీ భయపడాల్సిందేమీ లేదు. గుడ్డు పెడితే పచ్చసొన ముందు తినేది. నవంబరులో వాళ్లమ్మ దాన్ని ఎత్తుకుని గుంటూరు బండెక్కింది. ఉగాది అయిన నాలుగో రోజు మళ్లీ తూకం వేశాను. 8.9 కేజీలు. ఇరవై అయిదో నెలకు అది పసుపు పట్టీ, అంటే వయసుకు తగ్గ బరువు లేనట్టు. తగ్గింది అరకేజీయే కదా అని ఎవరైనా అనొచ్చు. ఆ అయిదు నెలల్లో ఆ వయసు పిల్ల సుమారు కేజీ పెరగాలి. అంటే లోటు కేజీన్నర. జబ్బ టేపు పెడితే చర్మం ముడతలు చేతికి తగిలాయి. “అక్కా, అక్కడ నీళ్లు పడలేదు, రెండు తడవలు విరేచనాలైనాయి, పగలంతా గట్టు మీద చీర ఉయ్యాల్లోనే ఉండె” అంది తల్లి. ఆమె తప్పు చేసినదానిలా తల దించుకుని చెప్పింది, అది నాకింకా బాధగా ఉంది.

చార్టులో నవంబరు నుంచి మార్చి దాకా అయిదు గళ్లు ఖాళీ. ఆకుపచ్చలో ఒక చుక్క, పసుపులో ఒక చుక్క. నేను పెన్సిలుతో రెండు చుక్కలూ కలుపుతూ గీత గీశాను. కిందికి వాలిన గీత. తూకం వేయని నెలల మీదుగా గీత గీయకూడదని తనిఖీకి వచ్చిన అధికారి చెప్పారు. రూలు ప్రకారం ఆయన మాట కరెక్టే, కాదనను. కానీ ఆ పిల్లకు ఏం జరిగిందో చెప్పేది ఆ గీత ఒక్కటే.

అంతకు రెండేళ్ల ముందు నేనూ ఒక తప్పు చేశాను. తూకాలు ఎక్కించడానికి మాకు ఫోన్లు ఇచ్చిన కొత్త. గళ్లు ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీ అని అడుగుతున్నారు. సుగ్గికి పోయిన ఒక మగపిల్లవాడికి నెలకు రెండు వందల గ్రాములు కలుపుతూ నాలుగు నెలలు అంచనాగా ఎక్కించాను. నేను రాసిన అంకెల్లో వాడు చక్కగా పెరిగాడు. ఏప్రిల్లో వాడి అవ్వ ఎత్తుకొచ్చినప్పుడు కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. ఆ రోజు నుంచి గడి ఖాళీగా వదిలేయడమే తప్ప నోటికొచ్చిన అంకె రాయలేదు. ఖాళీకి సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఇట్లా ఎక్కించింది నేనొక్కదాన్నే అయి ఉండనని పెద్దవాళ్లు గ్రహించాలి.

ఇక రాష్ట్రం లెక్కలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16లో 31.4 శాతం, 2019-21లో 31.2 శాతం. కదలలేదనే చెప్పాలి. పిల్లల్లో రక్తహీనత 58.6 నుంచి 63.2 శాతానికి పెరిగింది. ఈ అంకెలే నిద్ర పట్టనివ్వవు. ఇందులో ఇంకో సంగతి ఉంది. రెండో సర్వే మన రాష్ట్రంలో ఇళ్లకొచ్చింది 2019 జూలై నుంచి నవంబరు మధ్య. మా ఊళ్లో ఇళ్లు నిండుగా ఉండే నెలలవి. పిల్లలు సెంటరులో బాలామృతం, గుడ్డు, పాలు తిని కాస్త తేరుకుని ఉండే కాలం. అదే సర్వే ఫిబ్రవరిలో వచ్చి ఉంటే మా వీధిలో తాళాలు కొలుచుకుని పోవాలి. పైగా అప్పటి కర్నూలు జిల్లా అంటే కేసీ కాలువ నీళ్లున్న నంద్యాల కూడా కలిపే. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు జిల్లా సగటులో కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ఎక్కడున్నాయో వెతికినా దొరకదు.

కుటుంబాల బాగు కొలిచే పద్ధతీ అంతే. నీతి ఆయోగ్ బహుముఖ పేదరికాన్ని 12 అంశాలతో లెక్కిస్తుంది. బ్యాంకు ఖాతా, కరెంటు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, ఇల్లు ఇట్లాంటివి. మంచివే, అవసరమైనవే. నేను చెప్పిన ఆ ఆడపిల్ల ఇంట్లో ఖాతా ఉంది, మీటరు ఉంది, గ్యాసు సిలిండరు ఉంది, మరుగుదొడ్డి ఉంది. అయిదు నెలలు మనుషులే లేరు. ఆ అయిదు నెలలూ వాళ్లు చేను గట్టున పట్టా గుడిసెలో, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుని, బోరు దగ్గర పట్టిన నీళ్లు తాగి బతికారు. కుటుంబం ఎట్లుందో తెలుసుకోవాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: జనవరి నెలలో ఈ ఇంట్లో రాత్రి ఎవరు పడుకున్నారు? అవ్వ ఒక్కతేనా? అవ్వా, బడి మానేసిన పదేళ్ల అక్కా, చంటిపిల్లా? అసలు ఎవరూ లేరా?

తల్లిదండ్రులు సుగ్గికి పోయిన నెలల్లో బడి ఈడు పిల్లలు ఊళ్లోనే ఉండడానికి సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద సీజనల్ హాస్టళ్లున్నాయి. పెట్టినచోట పిల్లలు ఊళ్లోనే నిలబడ్డారు, నా కళ్లతో చూశాను. ఆరేళ్లలోపు వాళ్లకు అట్లాంటిదేమీ లేదు. అందుకే పెద్దది హాస్టల్లో ఉన్నా చిన్నది గట్టు మీద ఉయ్యాల్లో ఉంటుంది. కొన్నిసార్లు ఆ ఉయ్యాల ఊపడానికే పెద్దదాన్ని హాస్టల్ నుంచి తీసుకుపోతారు.

2013 ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అదనంగా ఇవ్వాలంది. ఏడాదికి 300 రోజులు ఇవ్వాలన్నది మా లెక్క. మా ఊరి పిల్ల గుంటూరు చేనులో ఉన్నా ఆ హక్కు దానిదే. మేం పిల్లల వివరాలు ఎక్కించే ఫోన్ యాప్ పోషణ్ ట్రాకర్‌లో పిల్లను ఇంకో సెంటరుకు మార్చే వీలు కూడా ఉంది. నేను ఎన్నోసార్లు మార్చాలని చూశాను. ఏ సెంటరుకు? వాళ్లు ఏ ఊరి చేలో దిగుతారో పోయేదాకా వాళ్లకే తెలియదు. అక్కడి టీచరుకేమో తన ఊరి పొలిమేరలో ముప్పై మంది పిల్లలు గుడిసెల్లో ఉన్నారని చెప్పేవాళ్లే ఉండరు. ఆమెకు తన ఊరి పిల్లలకే గుడ్లు వచ్చి ఉంటాయి. ఆమెను నేను తప్పుపట్టను.

నేను అడిగేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. పడమటి మండలాల్లో ఏడాదికి రెండు తూకాలు ప్రత్యేకంగా పెట్టండి: సుగ్గికి పోయే ముందొకటి, వచ్చిన వారంలో ఒకటి. మధ్యలో ఎంత తగ్గారో మండలాల వారీగా బయటపెట్టండి. సగటు వద్దు, పోయినవాళ్ల లెక్క వేరు, ఉన్నవాళ్ల లెక్క వేరు. తగ్గిన పిల్లకు ఏప్రిల్, మే నెలల్లో రెండో గుడ్డు ఇవ్వండి. అవ్వల దగ్గర వదిలిపెట్టిన చంటిపిల్లలకు ఆ అయిదు నెలలు సెంటరులో సాయంత్రం బువ్వ కూడా వండే ఏర్పాటు చేయండి, ఆయాకు ఆ పనికి వేరే జీతం ఇచ్చి. మేస్త్రీల దగ్గర ఊరి పేర్లు రాయించుకుని గుంటూరు, పల్నాడు జిల్లాలకు ముందే పంపండి. మిరప కోతల నెలల్లో అక్కడి సెంటర్లకు గుడ్లు, పాలు పెంచండి. ఇన్నేళ్లుగా మిరప కోతలు ఏ నెలలో వస్తాయో అందరికీ తెలుసు.

తూకం వేసే టీచర్లకూ ఒకటి కావాలి. రెండేళ్లలోపు పిల్లను పడుకోబెట్టి పొడవు కొలవాలంటే ఇద్దరుండాలి, ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్లు అదమాలి. ఆయా లేని సెంటర్లో ఒక్కతే కొలిస్తే సెంటీమీటరు తప్పుతుంది, ఆ సెంటీమీటరుతో పిల్ల ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి మారిపోతుంది. ఖాళీ గడికి దండించకండి. ఎందుకు ఖాళీ అని రాయడానికి చోటు ఇవ్వండి.

ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. తన తరగతిలో అందరికన్నా పొట్టి. దాని చార్టు నేను సెంటరు నుంచి దిగిపోయేటప్పుడు అప్పగించేశాను, పెన్సిలు గీత చెరపలేదు.

మొదటి తూకం దీపావళికి పది రోజుల ముందే పెట్టమని మనవి. మూటలు కట్టుకున్నాక ఎవరూ సెంటరుకు రారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచరు,
కోసిగి మండలం, కర్నూలు జిల్లా