పుల్ రిక్వెస్టుల లెక్కకు మార్కులు వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గర పడితే చాలు, మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) మాట మొదలవుతుంది. అలాంటి కోడ్‌ను ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లోని తమ పేజీ లింకు రెజ్యూమెలో ఉండాలి, అది తెరిస్తే ఏ రోజు ఎంత పని చేశారో చూపే పచ్చ గళ్లు నిండుగా కనిపించాలి. అవి ఎలా నిండాయని మాత్రం ఎవరూ అడగరు.

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకు ఏమైందో చూడండి. నోడ్ జేఎస్ అనే సాధనంతో వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లలో దాని పేరు తెలియనివాళ్లు ఉండరు. పుల్ రిక్వెస్ట్ (నా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండని పంపే విన్నపం) ఎలా పెట్టాలో చెప్పే ఒక యూట్యూబ్ పాఠంలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించారు. చూసిన పిల్లలు, చాలావరకు మన దేశంవాళ్లే, నేరుగా అక్కడికే వెళ్లి ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో తమ పేరో, పనికిరాని వాక్యమో చేర్చి పంపడం మొదలుపెట్టారు. ప్రతి ఒక్కటీ ఎవరో ఒక వాలంటీరు తెరిచి, చదివి, మూసేయాలి. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించడానికి ఏటా అక్టోబర్‌లో జరిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లోనూ 2020లో ఇదే గోల. 4 పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు అన్నారు, ఇంకేముంది! కొద్ది రోజుల్లోనే నిర్వాహకులు నిబంధన మార్చుకుని, ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి తీసుకుంటామన్నారు.

కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఎవరు ఏది పంపినా తీసుకోవాలనే భ్రమ చాలామందికి ఉంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2004 నుంచి ప్రతి ప్యాచ్ (పంపే కోడ్ మార్పు) కింద 'సైన్డ్ ఆఫ్ బై' అని పంపినవారి పేరు, ఈమెయిల్‌తో ఒక వరుస ఉండాలి. ఈ కోడ్ నేను రాశాను, లేదా ఈ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు నాకుంది అని పూచీ పడటం అది. అంతకు ముందు ఏడాది ఎస్‌సీవో కంపెనీ తమ కోడ్ లైనక్స్‌లో కలిసిందంటూ ఐబీఎం మీద దావా వేసింది. ఆ దెబ్బతో వచ్చిన నియమం ఇది.

అయితే సంతకం ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే కోడ్ లైబ్రరీకి 'జియా టాన్' అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా ప్యాచ్‌లు పంపి, మెయింటైనర్ (ప్రాజెక్టును చూసుకునే బాధ్యుడి) హోదా కూడా సంపాదించారు. అసలు మెయింటైనర్ అప్పటికే అలసిపోయి ఉన్నాడు, త్వరగా కానివ్వమని ఒత్తిడి చేసేవాళ్లూ తయారయ్యారు. చివరికి టెస్టు ఫైళ్లలో దొంగదారి దాచి పెట్టి వెర్షన్ విడుదల చేశారు. దాన్ని నడిపించే ముక్క అందరూ చూసే గిట్ కోడ్‌లో లేదు, కట్టగట్టి విడుదల చేసిన టార్ ఫైల్లో మాత్రమే ఉంది. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తీగ లాగితే, 2024 మార్చి చివర్లో డొంకంతా కదిలింది. కాబట్టి పాతవాళ్లు పంపిన కోడ్‌ను కూడా రెండో మనిషి చదవాల్సిందే.

ఇప్పుడు ఏఐ రాసిన కోడ్ ఒకటి. జెంటూ అనే లైనక్స్ ప్రాజెక్టు 2024లో దాన్ని పూర్తిగా నిషేధించింది. నా మట్టుకు, నిషేధం అమలు చేయడం కష్టం. పంపినవారు ప్రతి వరుసకూ జవాబు చెప్పగలగాలి అన్నదే సరైన నియమం. టెస్టు లేని ప్యాచ్‌ను తీసుకోబోమని, ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉండాలని ప్రాజెక్టులు ముందే రాసి పెట్టాలి. వద్దన్నప్పుడు కారణం ఒక్క ముక్కలో చెప్పాలి. కసురుకోవాల్సిన పని లేదు. సాక్షాత్తూ లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్సే తన నోటి దురుసుకు 2018లో క్షమాపణ చెప్పుకున్నాడు.

కాలేజీలకు నా విన్నపం ఒక్కటే. ఎన్ని పెట్టారన్న లెక్కకు మార్కులు వేయొద్దు. విద్యార్థి పంపిన ఒక్క ప్యాచ్ తీసుకుని, దాని మీద రివ్యూలో ఏం అడిగారు, ఇతను ఏం మార్చాడు అన్నది చూసి వేయండి. పుల్ రిక్వెస్ట్ పెట్టడం ప్రాక్టీస్ చేయడానికే గిట్‌హబ్‌లో 'ఫస్ట్ కాంట్రిబ్యూషన్స్' అనే రిపోజిటరీ ఉంది. పేరు చేర్చుకోవాలన్న సరదా ఉంటే అక్కడ చేర్చుకోవచ్చు, వాళ్లే రమ్మంటున్నారు.

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ