మన కోట కథ కోటలోనే వినిపించాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మన విజయనగరం కోట గురించి రాద్దామని కూర్చున్నాను సార్, కానీ ముందు ఇంగ్లాండ్‌లో లింకన్ అనే ఊరి కోట గురించి చెప్పాలి. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, అలా ఆ కోట చూశాను.

1066లో ఇంగ్లాండ్‌ని గెలిచిన విలియం రాజు 1068లో దాన్ని కట్టించాడు, కొండ మీద, పాత రోమన్ల కోట ఉన్న చోటే. దానికోసం 166 ఇళ్ళు పోయాయి, ఆ లెక్క 1086లో ఆ రాజు రాయించిన సర్వే పుస్తకంలోనే ఉంది. తర్వాత 1217లో ఫ్రెంచివాళ్ళు, తిరుగుబాటు జమీందార్లు కలిసి ఊరంతా పట్టేసుకున్నా నికోలా డి లా హే అనే పెద్దావిడ కోట మాత్రం ఇవ్వలేదు, రాజు సైన్యం వచ్చేదాకా అలాగే నిలబెట్టింది. అప్పటికే ఆవిడకి 60 దాటాయి! బొబ్బిలి యుద్ధం, పద్మనాభ యుద్ధం కథలు వింటూ పెరిగిన మనకి ఈవిడ పరాయి మనిషిలా అనిపించదు.

కోటలో జైలు కూడా ఉండేది, 1878లో మూసేశారు. అక్కడ ఖైదీల ప్రార్థన గది ఒకటుంది, అది చూసి నాకు నోట మాట రాలేదు. ఒక్కో సీటుకి చుట్టూ చెక్కలు కట్టేసి బీరువా అరలాగ చేశారు, ఎదురుగా ఫాదర్ గారు తప్ప పక్కన ఉన్న మనిషి మొహం కూడా కనపడదు, ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదని. ఇంకోపక్క పాత బురుజులో ఉరి తీసినవాళ్ళ సమాధులున్నాయి, చిన్న రాళ్ళ మీద పేరులో మొదటి అక్షరాలు, తేదీ, అంతే. అవన్నీ జనానికి చూపిస్తున్నారు. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టా, దాని అసలు ప్రతులు నాలుగే మిగిలాయి, అందులో ఒకటి ఇక్కడే ఉంది. ఇంత పాత కోటలో ఇప్పటికీ కోర్టు నడుస్తోందండీ, లాయర్లు ఫైళ్ళు పట్టుకుని వస్తూ పోతూ ఉంటారు. 2015లో దాదాపు 2 కోట్ల 20 లక్షల పౌండ్ల ఖర్చుతో బాగుచేశారు, గోడ మీద చుట్టూ నడవచ్చు, దానికీ జైలుకీ టికెట్ ఉంది, లోపల మైదానంలోకి మాత్రం ఎవరైనా ఫ్రీగా వెళ్ళొచ్చు, పిల్లలతో వచ్చి గడ్డిలో కూర్చుంటారు.

ఇప్పుడు మన సంగతి. 1713లో మొదలెట్టిన కోట మనది, లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి ఇది కూడా ప్రాణం ఉన్న కోటే, అందుకు నాకు చాలా గర్వంగా ఉంటుంది. సిరిమానోత్సవం రోజు పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, రాజుగారి కుటుంబం బురుజు మీద కూర్చుని చూస్తారు, మన జిల్లా నుంచి, శ్రీకాకుళం, ఒడిశా నుంచి కూడా జనం వచ్చి ఆ గోడ కిందే నిలబడతారు. దండం పెట్టుకుని వెళ్ళిపోతారు. ఆ గోడ వెనక ఏం జరిగిందో, 1794లో పద్మనాభం యుద్ధంలో చనిపోయిన మన రాజు విజయరామరాజు గారు ఎవరో, కోటలో ఉండి ఇప్పుడు లేని మోతీ మహల్ ఎలా ఉండేదో ఆ జనంతో వచ్చే పిల్లలకి ఎవరు చెప్తారు?

కోట్లు ఖర్చు పెట్టమని అడగట్లేదు. కాలేజీకి సెలవున్న ఆదివారం పూట జనాన్ని లోపలికి రానివ్వండి, హిస్టరీ చదివే పిల్లలనే గైడులుగా పెట్టండి, వాళ్ళకి చేతిఖర్చులకి డబ్బులొస్తాయి, చెప్పడమూ అలవాటవుతుంది. మోతీ మహల్ పాత ఫోటోలు ఊళ్ళో ఎవరిళ్ళల్లో ఉన్నా కాపీలు తీసి ఒక గదిలో పెట్టండి. ముందు ఆ ఫోటోల పని మొదలెట్టండి సార్, అవి ఉన్న ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఉండగానే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, విజయనగరం