అధ్యయన సంఘం వార్షిక నివేదిక: హుండ్ లోహాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ ఉన్నా విద్యుత్ బంధకంగా మారకుండా లోహంగానే నిలిచే కొన్ని పదార్థాల్లో, అంటే హుండ్ లోహాల్లో, ఎలక్ట్రాన్లు బ్యాండ్ సిద్ధాంతం (ఒక్కో ఎలక్ట్రాన్‌ను విడిగా లెక్కించే పద్ధతి) చెప్పేదానికన్నా ఎందుకు అంత బరువుగా కదులుతాయన్నది ఈ ఏడాది మన సంఘం చేపట్టిన ప్రశ్న.

తొలి సమావేశాలు హబ్బర్డ్ నమూనాతో గడిచాయి. పరమాణువు నుంచి పరమాణువుకు దూకే ఎలక్ట్రాన్లు ఒకేచోట కలిస్తే వికర్షించుకుంటాయన్నదే ఆ నమూనా. పరమాణువులో ఎలక్ట్రాన్లుండే స్థితి అయిన ఆర్బిటాల్ ఒక్కటే ఉండి, అది సగం నిండి ఉన్నప్పుడు, వికర్షణ ‘యు’ పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు బరువెక్కి, చివరకు ఏ పరమాణువు దగ్గరిది అక్కడే ఆగిపోతుంది. ఆ స్థితే మాట్ బంధకం. అందువల్ల ఎలక్ట్రాన్లు బరువెక్కిన ప్రతి లోహమూ మాట్ బంధకానికి పొరుగునే ఉంటుందని మనలో చాలామందిమి నమ్మాము. ఆ నమ్మకాన్ని వదులుకోవడానికే సగం ఏడాది పట్టింది.

దాన్ని కదిలించినది స్ట్రాన్షియం రుథినేట్. 1994లో అతివాహకత (నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే గుణం) బయటపడిన ఈ పదార్థంలో ఒక్కో రుథీనియం అయానులో మూడు ఆర్బిటాల్‌లకు నాలుగు ఎలక్ట్రాన్లు ఉంటాయి. వికర్షణ మరీ ఎక్కువ కాకపోయినా వాటి ద్రవ్యరాశి బ్యాండ్ లెక్కకు సుమారు 3 నుంచి 5 రెట్లు ఉంటుంది. నిరోధం ఉష్ణోగ్రత వర్గాన్ని అనుసరించే ఫెర్మీ ద్రవ ప్రవర్తన, అంటే మామూలు లోహపు ఎలక్ట్రాన్ల తీరు, దాదాపు 25 కెల్విన్‌కు దిగువనే కనిపిస్తుంది.

కారణం, రసాయనశాస్త్రంలో అందరమూ చదివిన హుండ్ నియమమే. ప్రతి ఎలక్ట్రాన్‌కూ స్పిన్ అనే చిన్న అయస్కాంత గుణం ఉంటుంది; ఒకే పరమాణువులోని స్పిన్‌లు వీలైనంతవరకు ఒకే దిశలో ఉంటాయన్నదే ఆ నియమం. స్పిన్‌లను ఒకే దిశలో నిలిపే ఆ శక్తిని ‘జె’ అంటే, మూడు ఆర్బిటాల్‌లలో మూడు ఎలక్ట్రాన్లున్నప్పుడు ఒకదాన్ని పక్క పరమాణువుకు పంపే శక్తి ఖర్చు యు + 2జె. నాలుగున్నప్పుడు యు – 3జె. అంటే రెండో సందర్భంలో మాట్ బంధకం దూరమవుతుంది. అయినా, పరమాణువు మీద ఏర్పడిన పెద్ద స్పిన్‌ను చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు కప్పివేయడం చాలా తక్కువ ఉష్ణోగ్రత దాకా పూర్తికాదు కనుక, ఎలక్ట్రాన్లు బరువుగానే ఉంటాయి. ఒకే ‘జె’ ఇలా రెండు వైపులకు లాగుతుందన్నదే ఈ ఏడాది మనకు దక్కిన అసలు ఫలితమని కార్యవర్గం అభిప్రాయం.

2008లో వెలుగులోకి వచ్చిన ఇనుప అతివాహకాలపై ఒక్క సమావేశమే జరిగింది. వాటిలో అయిదు ఆర్బిటాల్‌లకు ఆరు ఎలక్ట్రాన్లు. ఆర్బిటాల్‌ను బట్టి బరువు మారుతుంది.

ఒక పొరపాటును ఒప్పుకోవాలి. సమయం ఆదా అవుతుందని మన కంప్యూటర్ లెక్కల సమీకరణాల్లో స్పిన్‌లను తిప్పే పదాలను వదిలేశాము. అలా వదిలితే స్పిన్‌కు అన్ని దిశలూ సమానం కాకుండా పోతాయి. ఆ స్పిన్ ఏ ఉష్ణోగ్రత దగ్గర కప్పబడుతుందన్న లెక్కే మారిపోతుంది. ఆ లెక్కలను మళ్లీ చేయడం, స్పిన్–కక్ష్యా యుగ్మనాన్ని (ఎలక్ట్రాన్ స్పిన్‌కూ దాని కక్ష్యా చలనానికీ ఉన్న ముడిని) కలపడం వచ్చే ఏడాది పనులు.