షుగర్ పరీక్షకు వచ్చినవారి చెప్పులు విప్పించండి

సంపాదకుడు గారికి,

షుగర్ చూపించుకోవడానికి వెళ్తే సాధారణంగా జరిగేది ఇదే: రక్తపరీక్ష కాగితం చూస్తారు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర) ఎంతుందో అడుగుతారు, మాత్ర పెంచడమో తగ్గించడమో చేసి పంపేస్తారు. చెప్పులు విప్పమనేవారు చాలా తక్కువ. కాలు తీసేయాల్సిన పరిస్థితిని ఏళ్ల ముందే పసిగట్టగల పరీక్ష అక్కడే ఆగిపోతోంది.

దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగు చాలు. అది వంగేసరికి చర్మం మీద 10 గ్రాముల ఒత్తిడి పడేలా తయారుచేస్తారు. ముందు రోగి చేతికి తాకించి ఆ స్పర్శ ఎలా ఉంటుందో తెలియజేయాలి. తర్వాత కళ్లు మూసుకోమని చెప్పి బొటనవేలి కింది మెత్తటి భాగం మీద, బొటనవేలి మొదట్లోనూ చిటికెనవేలి మొదట్లోనూ అరికాలికి ఉండే గుబ్బల మీద పోగును నిటారుగా ఆనించి, వంగేదాకా నొక్కి తీసేయాలి. మొత్తం రెండు సెకన్ల పని. ఒక్కోచోట ‘తాకుతోందా’ అని మూడుసార్లు అడగాలి, అందులో ఒకసారి తాకించకుండానే అడగాలి. మూడు జవాబుల్లో రెండు తప్పితే ఆ చోట కాలిని కాపాడే స్పర్శ పోయినట్టే లెక్క. ఆనెకాయ మీద మాత్రం పెట్టకూడదు, మంచి కాలికైనా అక్కడ తెలియదు. వరసగా చాలామందికి వాడితే పోగు మెత్తబడి ఫలితం తప్పుతుంది కాబట్టి దానికీ విశ్రాంతి ఇవ్వాలి. దీనికి తోడు బొటనవేలి ఎముక మీద 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి అదురు తెలుస్తోందో లేదో చూడటం, పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి అందుతోందో లేదో చూడటం. అన్నీ కలిపినా కొద్ది నిమిషాలే.

‘నొప్పేమీ లేదండీ’ అని రోగి చెబితే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఈ జబ్బులో భయపడాల్సింది ఆ మాటకే. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు స్పర్శ ఒక్కటే పోదు. పాదంలోని చిన్న కండరాలు నీరసించి వేళ్లు వంకర్లు పోతాయి, దాంతో బరువంతా ఒకటి రెండు గుబ్బల మీద పడుతుంది. చెమట పట్టడం తగ్గి చర్మం ఎండి పగులుతుంది. బరువు పడినచోట ఆనె కడుతుంది. ఆ ఆనె చెప్పులో చిక్కుకున్న రాయిలా కింది కండను నలుపుతుంది, లోపల రక్తం చిమ్ముతుంది, పైకి నల్లటి మచ్చ మాత్రమే కనిపిస్తుంది. దాన్ని శిక్షణ ఉన్నవారు బ్లేడుతో చెక్కితే అడుగున పుండు బయటపడుతుంది. ఆనెలు కరిగిస్తాయని అమ్మే ఆమ్లపు పట్టీలు స్పర్శలేని కాలికి వేస్తే మంచి చర్మం కూడా కాలిపోతుంది. వేడినీళ్లలో కాళ్లు పెట్టడమూ అంతే.

పుండు పడ్డాక జరిగే పెద్ద పొరపాటు, వైద్యమంతా పై పూతల్లోనూ కట్టులోనూ ఉందనుకోవడం. అరికాలి పుండుకు అసలు మందు దాని మీద బరువు పడకుండా చూడటం. చచ్చిన కండ తీసేశాక, రక్తప్రసరణ సరిపడా ఉండి ఇన్ఫెక్షన్ తీవ్రంగా లేకపోతే మోకాలి కిందిదాకా ‘టోటల్ కాంటాక్ట్ కాస్ట్’ అనే ఊడదీయలేని కట్టు వేస్తారు. విప్పుకోగలిగే బూటు ఇస్తే రోగి ఇంట్లో దాన్ని పక్కన పెట్టి నడుస్తాడు. ఇందులో అతని తప్పేమీ లేదు, నొప్పి తెలియని కాలును జాగ్రత్తగా మోపాలని మనసుకు గుర్తుండదు.

యాంటీబయాటిక్‌ల సంగతీ చెప్పాలి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, చీము వంటి లక్షణాల్లో కనీసం రెండు లేని పుండుకు అవి అక్కర్లేదు. ఇస్తే పుండు త్వరగా మానదు సరికదా, మందులకు లొంగని మొండి క్రిములు తయారవుతాయి. నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటే పైపైన దూదితో తుడిచి పరీక్షకు పంపకూడదు. పుండు శుభ్రం చేశాక అడుగు నుంచి తీసిన కండముక్క పంపితేనే అసలు క్రిమి దొరుకుతుంది. మొండి చివరున్న లోహపు పుల్లతో తడిమితే ఎముక తగిలిందంటే ఎముకకూ పాకిందని అనుమానించి ఎక్స్‌రే తీయాలి. ఎముక తొలగించకుండా మందులతోనే నయం చేయాలంటే దాదాపు ఆరు వారాలు పడుతుంది. జ్వరం లేదని ధీమా పడొద్దు, లోతుగా చీము పట్టినవారిలో కూడా చాలాసార్లు జ్వరం ఉండదు.

నాలుగు నుంచి ఆరు వారాలు సరైన వైద్యం చేసినా పుండు మానకపోతే రక్తనాళాలు చూపించాలి. షుగర్ ఉన్నవారి ధమనుల గోడల్లో సున్నం పేరుకోవడం వల్ల చీలమండ దగ్గర కొలిచే రక్తపీడనం అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. అందుకే బొటనవేలి పీడనం కూడా కొలవాలి. అది 30 మిల్లీమీటర్ల (పాదరసం) లోపు ఉంటే రక్తనాళాల సర్జన్ దగ్గరికి ఆలస్యం లేకుండా పంపాలి. నాళం తెరిపించే అవకాశం ఉందో లేదో చూడకుండా నేరుగా కాలు తీసేయడం అన్యాయం.

పుండు లేకుండానే ఒక పాదం ఎర్రగా, వేడిగా, వాచి ఉంటే షార్కో పాదం (నరాలు దెబ్బతిన్న కాలిలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) కావచ్చు. దీన్ని గౌట్ (యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే కీళ్లవాపు) అనో, చర్మానికి పట్టిన ఇన్ఫెక్షన్ అనో పొరబడుతుంటారు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. అయినా ఆ రోజే కట్టు వేసి నడక ఆపించాలి. లేకపోతే ఎముకలు విరిగి పాదం వంపు కూలిపోతుంది, తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం.

కళ్లు, మూత్రపిండాల విషయంలోనూ ఇదే తంతు. చూపు పూర్తిగా బాగున్నవారిలో కూడా రెటీనా (కంటి వెనక పొర) మీద కొత్త రక్తనాళాలు మొలిచి ఉండొచ్చు. అందుకే టైప్ 2 అని తేలిన వెంటనే, ఆపైన క్రమం తప్పకుండా, కంటిపాప పెద్దది చేసో ఫొటో తీసో చూడాలి. లేజరు, కంటిలోపలికి ఇచ్చే ఇంజెక్షన్లు చూపు పోకముందు చేసినంత మేలు పోయాక చేయలేవు. మూత్రపిండాల పని సుమారు సగం తగ్గేదాకా రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం మామూలుగానే కనిపించవచ్చు, కాబట్టి ఏటా మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి చూడాలి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు, అంతకు మించి రెండు మూడుసార్లు వస్తే మూత్రపిండాలను కాపాడే బీపీ మందులైన ఏసీఈ ఇన్హిబిటర్ లేదా ఏఆర్‌బీ (రెండూ కలిపి కాదు), దానికి తోడు చక్కెరను మూత్రంలోకి పంపే ఎస్‌జీఎల్‌టీ2 మందు గురించి డాక్టరును అడగాలి. వాంతులు, విరేచనాలతో తిండి తినలేకపోతే ఎస్‌జీఎల్‌టీ2 మందు ఆపాలి. రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వచ్చే స్థితి) వచ్చే ప్రమాదం ఉంది.

ఆరోగ్యశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా మా విన్నపం ఇది. ప్రతి షుగర్ క్లినిక్‌లో చెప్పులు విప్పి కూర్చునేందుకు ఒక స్టూలు, ఒక మోనోఫిలమెంట్, ఒక ట్యూనింగ్ ఫోర్క్ ఉండాలి. ఈ పరీక్ష నర్సులు చేయగలరు, డాక్టరు కోసం ఆగనక్కర్లేదు. ఫలితం రోగి పుస్తకంలో తేదీతో రాయాలి: స్పర్శ ఉంటే మళ్లీ ఏడాదికి, పోతే ఆరు నెలల్లోపు, ఇంతకుముందు పుండు పడ్డవారికి ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి. మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి కాబట్టి ఈ చివరివారిని ‘నయమైంది’ అని పంపేయకూడదు. కొత్తగా పుండు కనిపించినవారిని మరుసటి రోజుకల్లా ఎక్కడికి పంపాలో, ఆ చోటు పేరు, ఫోన్ నంబరు ప్రతి క్లినిక్ గోడ మీద రాసి ఉండాలి.

ఇట్లు,
మధుమేహ పాద చికిత్సా విభాగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు