మా ఐసీయూ సింక్ గుట్టు విప్పిన మేడమ్‌కి

పేరు రాయొద్దన్నారు కాబట్టి మేడమ్ అనే రాస్తున్నాను. ఎవరి గురించో మా ఐసీయూ వాళ్లందరికీ తెలుసు.

నేను పదకొండేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నిరుడు మా దగ్గర వెంటిలేటర్ మీదున్నవాళ్లకి ఒకరి తర్వాత ఒకరికి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ రావడం మొదలైంది. కల్చర్ రిపోర్ట్ తెరిస్తే మందుల పేర్ల పక్కన పైనుంచి కిందిదాకా ఆర్, ఆర్, ఆర్. అంటే రెసిస్టెంట్, ఆ మందుకు లొంగదని. మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్‌కీ లొంగదు. ఇక మిగిలింది కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు డాక్టర్లు దాదాపు పక్కన పెట్టేసిన పాత మందు. ఇన్ఫెక్షన్ తగ్గుతుందా అని ఒక టెన్షన్, పొద్దున్నే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత వస్తుందోనని ఇంకో టెన్షన్.

ప్రతి మీటింగ్‌లోనూ ఒకటే మాట, నర్సులు చేతులు సరిగ్గా కడుక్కోవట్లేదని. హ్యాండ్ రబ్ సీసాలు పెరిగాయి, గోడలమీద పోస్టర్లు పెరిగాయి, మాకు మెమోలు వచ్చాయి. కేసులు మాత్రం ఆగలేదు. నాలుగో బెడ్ పెద్దాయన పోయిన రోజు మా జూనియర్ ఒకమ్మాయి తన చేతులు చూసుకుంటూ ఏడ్చింది.

అలాంటప్పుడు ఇన్ఫెక్షన్ల మీద పరిశోధన చేసే ఆవిడ వస్తున్నారంటే, తిట్టడానికి ఇంకొకరు తోడయ్యారనుకున్నాం. మొదటిరోజు ఆవిడ స్లైడ్లు వేసి, మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా అని చెప్పారు. నిజం చెప్తున్నా, ఆ అంకె మాలో ఎవరికీ ఎక్కలేదు. డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నవాళ్లం, సగం మంది ఆవలిస్తున్నాం.

తర్వాత ఆవిడ నైట్ డ్యూటీల్లో మాతోపాటే ఉన్నారు. మూలన స్టూలు మీద కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండేవారు. మూడో రాత్రి అడిగారు, "సిస్టర్, ఈ సింక్‌లో ఏమేం పోస్తుంటారు?"

అప్పటిదాకా ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. మిగిలిపోయిన డెక్స్‌ట్రోస్, ట్యూబ్ ఫీడ్, సిరంజిలో మిగిలిన యాంటీబయాటిక్, ఏదైనా అందులోనే పోసేవాళ్లం. చేతులు కడుక్కునేదీ అక్కడే. మందులు కలుపుకునే ట్రాలీ ఆ పక్కనే.

ఆవిడ డ్రెయిన్‌లో కొంచెం ఫ్లోరెసిన్ రంగు వేసి, కుళాయి తిప్పించి, లైట్లు ఆర్పించి యూవీ టార్చ్ వేశారు. సింక్ అంచు మీద, గోడ మీద, ట్రాలీలో విప్పి పెట్టిన సిరంజి కవర్ మీద పచ్చగా మెరిసే చుక్కలు. ఎవరం మాట్లాడలేదు. కుళాయి నీళ్లు సరిగ్గా డ్రెయిన్ రంధ్రం మీదే పడి, లోపలున్నదాన్ని చిమ్ముతున్నాయి. కింద వంపు తిరిగిన పైపులో జిగురులా పట్టిన బ్యాక్టీరియా పొరకి, అదే బయోఫిల్మ్‌కి, తిండి పెట్టిందీ మేమే, యాంటీబయాటిక్ రుచి చూపించిందీ మేమే. రెసిస్టెన్స్ జన్యువులున్న ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్కని ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి అందించడం గురించి, "మీరు షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ ఇచ్చుకోరూ, అలా" అన్నారు. ఇంత తేలిగ్గా మా చదువులో ఎవరూ చెప్పలేదు.

బ్యాక్టీరియా జన్యువులను చదివే సీక్వెన్సింగ్ పరీక్షలో సింక్‌లోదీ పేషెంట్లదీ ఒకే స్ట్రెయిన్, అంటే ఒకే రకం అని తేలింది. బ్లీచింగ్ పోస్తే చాలదు, కొన్నాళ్లకు మళ్లీ పెరుగుతుందన్నారు. పైపు మార్చారు, కుళాయి జరిపారు, ట్రాలీ దూరం పోయింది. ఆ సింక్ ఇప్పుడు చేతులకు మాత్రమే. అప్పట్నుంచి ఆ స్ట్రెయిన్ మా దగ్గర మళ్లీ కనపడలేదు.

అలాగని మమ్మల్ని పూర్తిగా వదిలిపెట్టలేదు లెండి. పేషెంట్‌ని ముట్టుకున్నాక చేతులు బాగానే శుభ్రం చేసుకుంటున్నాం, ముట్టుకోబోయే ముందే మర్చిపోతున్నాం అని నోట్‌బుక్ తెరిచి చూపించారు. అది ఒప్పుకోవాల్సిందే. తర్వాత ఒకరాత్రి సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ కథ చెప్పారు. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో శవపరీక్షల నుంచి నేరుగా వచ్చే డాక్టర్లతో క్లోరిన్ నీళ్లలో చేతులు కడిగించాడట. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో జూన్‌కి ఆ సంఖ్య 2 దగ్గరికి వచ్చింది. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన తర్వాత వాళ్లను హంతకులని ఉత్తరాల్లో తిట్టిపోశాడు కూడా. మేడమ్ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేం ఆవిడ మాట విన్నది అందుకేనని నా అభిప్రాయం.

మేడమ్, మొన్న నేను హడావుడిలో మిగిలిన సెలైన్ బాటిల్ పట్టుకుని సింక్ వైపు వెళ్తుంటే, అప్పట్లో ఏడ్చిన ఆ అమ్మాయే "అక్కా, అక్కడ కాదు" అని నా చేతిలోంచి లాక్కుంది. మీకిది చెప్పాలనే రాయడం మొదలుపెట్టాను. మా అందరి తరఫునా మీకు చాలా చాలా థాంక్స్.

మీ యూవీ టార్చ్ ఇంకా మా డ్రాయర్‌లోనే ఉంది. బ్యాటరీ అయిపోతే మార్చాం కూడా. అడిగితే ఇస్తాం గానీ, అడక్కపోతే సంతోషం.